కాటా గదిలోని కంప్యూటర్ నుంచి మొదలుపెట్టండి
(భీమవరంలో ధాన్యం, ఆక్వా వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. రైస్ మిల్లుల యజమానులు, రొయ్యల మేత డీలర్లు, ఐస్ ఫ్యాక్టరీల వారు, వాళ్ల లెక్కలు చూసే అకౌంటెంట్లు అందరూ వచ్చారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే కాబట్టి ముందే చెప్పేస్తాను. మన దగ్గర కొత్త కంప్యూటర్ కొంటే అది యజమాని గదిలోకి వెళుతుంది. అక్కడున్నది గుమస్తా బల్ల మీదికి దిగుతుంది. గుమస్తా వాడినది ట్రాక్టర్లు, లారీల బరువు తూచే కాటా గదికి చేరుతుంది. కాటా గదిలోది మాత్రం ఎందుకైనా మంచిదని బల్ల కింద పడి ఉంటుంది. ఈ వరసను తిరగేయండి.

ఎందుకో చెబుతాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. "మర్నాడు మా కంప్యూటర్ ఆగలేదే" అని చాలామంది నాతో అన్నారు. ఆగదు, చిక్కంతా అక్కడే ఉంది. విండోస్ 11లో ఏదైనా లోపానికి మరమ్మతు విడుదలైతే, దాన్ని విప్పి చూసి, అదే లోపం పాత విండోస్‌లో ఉందా అని వెతికేవాళ్లు ఉంటారు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, ప్రపంచమంతా పాకింది. అది చొరబడిన దారిని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలలు చేతిలో ఉన్నా వేసుకోని వాళ్ల ఫైళ్లకు తాళాలు పడ్డాయి. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో చిక్కుకున్నాయి.

కాలువ తలలో ఉన్న పొలానికి నీళ్ల బెంగ ఉండదు, ఎండేది శివారు ఆయకట్టే. అప్‌డేట్ల సంగతీ అంతే. యజమాని ల్యాప్‌టాప్‌కు అన్నీ సకాలంలో అందుతాయి. కాటా గదిలో, చెరువు గట్టున మేత గోదాములో ఉన్నవాటిని అడిగే నాథుడు లేడు. తేడా ఒక్కటే. నీళ్లు పైనుంచి కిందికే పారతాయి, వైరస్ శివారు నుంచి తలకు కూడా ఎక్కుతుంది. కాటా కంప్యూటర్‌కూ లెక్కల కంప్యూటర్‌కూ మధ్య కేబుల్ ఉన్నప్పుడు, బీరువాకు ఎంత మంచి తాళం వేస్తే మాత్రం ఏం లాభం?

కాటా కంప్యూటర్‌ను ఎందుకు మార్చరో నాకు తెలుసు. కాటా బరువును అంకెల్లో చూపే ఇండికేటర్ నుంచి ఆ బరువు చాలాచోట్ల తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్ మీదుగా వస్తుంది. కొత్త కంప్యూటర్ల వెనక ఆ సాకెట్ సాధారణంగా ఉండదు. అప్పుడు బజారులో దొరికిన చౌకరకం యూఎస్‌బీ కన్వర్టర్ తెచ్చి పెడతారు. వాటిలో కొన్నింటిని పెట్టగానే విండోస్ 11 పసుపు గుర్తు చూపించి, ఈ చిప్పును 2012లోనే నిలిపేశారు, అమ్మినవాళ్లను సంప్రదించండి అంటుంది. అంతే, "కొత్తది కాటాకు పనికిరాదు" అని తీర్మానం చేసి పాతదాన్నే మళ్లీ బిగిస్తారు. దోషం కంప్యూటర్‌ది కాదు, కన్వర్టర్‌ది. మంచి చిప్పున్నది కొనండి, లేదా సీరియల్ పోర్టు ఉన్న బిజినెస్ మోడల్ అడగండి. పాతదాన్ని కదిపే ముందు అందులోని కామ్ పోర్టు నంబరు (కాటా ఏ సీరియల్ పోర్టుకు కలిసిందో చెప్పేది), బాడ్ రేటు (బరువు సమాచారం వచ్చే వేగం) కాగితం మీద రాసుకోండి. బాడ్ రేటు తేడా వస్తే తెర మీద బరువుకు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. కాటా సాఫ్ట్‌వేర్ చేసిన మనిషే ఇప్పుడు అందుబాటులో లేకపోతే పాతదాన్నే వాడుకోండి, కానీ దానికి ఇంటర్నెట్ తీసేయండి, మిగతా కంప్యూటర్లతో కలపకండి. చీటీ ప్రింటు తీసి గుమస్తాకు ఇస్తే మునిగిపోయేదేమీ లేదు.

ఇక ఏది ఉంచాలి, ఏది తీసేయాలి. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి. తాళంచెవులను విడిగా దాచే భద్రతా ఏర్పాటు అది. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్, ఆపైవి ఉండాలి. మీది ఎనిమిదో తరమైతే పారేయకండి. హార్డ్ డిస్క్ తీసి, దానికన్నా వేగమైన చిప్పుల డిస్క్ ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ పెంచితే ఇంకొన్నేళ్లు నడుస్తుంది. అంతకన్నా పాతదైతే డబ్బు కట్టి అప్‌డేట్లు పొడిగించుకోవచ్చు. సంస్థలకు ఒక్కో కంప్యూటర్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు. మూడేళ్లకు కలిపి 427 డాలర్లు అవుతుంది. మామూలు డెస్క్‌టాప్ ధరకు అది దగ్గర దగ్గరగా వస్తుంది, కాబట్టి ఒక ఏడాదికి మించి కట్టడం నాకైతే దండగనిపిస్తుంది. తనిఖీని తప్పించి పాత కంప్యూటర్‌లో విండోస్ 11 ఎక్కించే విద్య మన సర్వీసు కుర్రాళ్లకు వచ్చు. దానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. దొంగ విండోస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. దాన్ని యాక్టివేట్ చేసే ప్రోగ్రామును నడపడానికి ముందుగా యాంటీవైరస్ ఆపమంటారు. దొంగకు తలుపు తీయడానికి మనమే జీతమిచ్చి మనిషిని పెట్టుకున్నట్టు కాదా!

కొనేటప్పుడు విండోస్ హోమ్ కాకుండా ప్రో తీసుకోండి. అన్ని కంప్యూటర్లకూ ఒకేచోట నుంచి నిబంధనలు పెట్టడానికి, బిట్‌లాకర్‌తో డిస్క్ మొత్తానికి తాళం వేయడానికి అదే కావాలి. ఆ తాళం రికవరీ కీని ప్రింటు తీసి బీరువాలో పెట్టుకోండి. అది పోతే డేటా మీకూ దొరకదు.

ఆకివీడు, మొగల్తూరు, రాజోలు, ఇలా పదిహేను ఇరవై చోట్ల శాఖలున్న మేత డీలర్లకు ఒక ప్రత్యేకమైన మాట. బిజినెస్ మోడళ్లలో కొన్నింటికి విండోస్‌తో పనిలేకుండా దూరం నుంచి నడిపే ఏర్పాటు ఉంటుంది. ఇంటెల్ 2006 నుంచి వీప్రో పేరుతో ఇస్తోంది. ముందుగా అమర్చిపెట్టుకుంటే, కరెంటూ నెట్‌వర్కూ ఉంటే చాలు, విండోస్ తెరుచుకోని కంప్యూటర్‌ను కూడా భీమవరంలో కూర్చుని ఆన్ చేసి, విండోస్ కన్నా ముందు వచ్చే బయోస్ సెట్టింగుల తెర చూడవచ్చు. దాని పాస్‌వర్డ్ ఫ్యాక్టరీ నుంచి 'అడ్మిన్' అని వస్తుంది. మార్చకుండా వదిలేస్తే దగ్గరికి వచ్చిన ఎవరైనా దాన్ని తమదిగా చేసుకోగలరు. అయిదారు కంప్యూటర్లున్న మిల్లుకు ఇంత హంగు అక్కర్లేదు. కానీ స్క్రీను పంచుకునే యాప్ పెట్టి, శాశ్వత పాస్‌వర్డ్ ఒకటి సర్వీసు కుర్రాడికి ఇచ్చి, అతను వేరే ఉద్యోగానికి వెళ్లాక కూడా మార్చకపోవడం ఉంది చూశారూ, అది మానుకోండి. అలాంటి యాప్‌ల మీదుగా డబ్బు లాగేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఖర్చు సంగతి. కొత్తది కొంటే కరెంటు ఆదా అని అమ్మేవాళ్లు ఊదరగొడతారు. లెక్క వేద్దాం. పాతదానికన్నా 60 వాట్లు తగ్గిందనుకోండి. రోజుకు పది గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు నడిస్తే మిగిలేది 180 యూనిట్లు. దానితో కంప్యూటర్ రాదు. ఆదాయపు పన్నులో కంప్యూటర్లకు 40 శాతం తరుగుదల వస్తుంది, జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ మీ వ్యాపారాన్ని బట్టి ఉంటుంది, అవి మీ ఆడిటర్ చూసుకుంటారు. అసలు లెక్క దాళ్వా, అంటే రెండో పంట వరి కోతల్లో తేలుతుంది. కాటా కంప్యూటర్ మొరాయించి ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా ఆగితే, మెకానిక్ రాజమండ్రి నుంచి బయలుదేరితే, ఆ పూట నష్టం ఎంతో నాకన్నా మీకే బాగా తెలుసు. ఈ-వే బిల్లు అవసరమైన సరుకైతే, కంప్యూటర్‌లో అది తీయకుండా లారీ గేటు దాటదు కదా.

బ్యాకప్ గురించి కాస్త గట్టిగా చెబుతాను. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. గోదావరి వరదలు సరేసరి. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలోని డేటాను ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆ పెన్‌డ్రైవ్‌ను అదే కంప్యూటర్‌కు గుచ్చి ఉంచితే అది బ్యాకప్ కాదు. రాన్సమ్‌వేర్ వస్తే దానికీ తాళం పడుతుంది, నీళ్లు వస్తే అదీ మునుగుతుంది. ఒక కాపీ డెల్టా బయట ఉండాలి, క్లౌడ్‌లోనో హైదరాబాద్‌లో మీ అబ్బాయి దగ్గరో. నెలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి, నిన్నటి బిల్లు కనిపిస్తోందా అని చూడండి.

చివరగా ఆ బల్ల కింది కంప్యూటర్లు. తూకానికి అమ్మేసేముందు డిస్క్ ఊడదీయించండి. ఫైళ్లు డిలీట్ చేసినంత మాత్రాన పోవు, రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు అందులో ఉంటాయి. హార్డ్ డిస్క్ అయితే లోపలి పళ్లేలకు, ఎస్‌ఎస్‌డీ అయితే చిప్పులన్నింటికీ మీ కళ్ల ముందే రంధ్రాలు వేయించండి. డబ్బాను రిజిస్టరైన ఈ-వేస్ట్ రీసైక్లర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. కాటా ఇండికేటర్ మోడల్ నంబరు రాసుకుని వచ్చినవారు ముందు వరుసలోకి రండి, కన్వర్టర్ సంగతి మీతోనే మొదలుపెడదాం.