ఆగిన మెట్టు ఏదో ముందు చూడండి

(తిరుపతిలో ఇంటి కంప్యూటర్ల గురించి చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. సెలవు రోజు సాయంత్రం పిల్లలను కూడా వెంటబెట్టుకొని వచ్చినందుకు చాలా సంతోషం.

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకు కొర్లగుంట నుంచి నా ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. కంప్యూటర్ తెరను ఫోటో తీసి పంపారు. మీ కంప్యూటర్‌లో చేసిన మార్పులను రద్దు చేస్తున్నాం అని తెర మీద ఇంగ్లీషులో ఉంది. కింద ఆ ఇంటాయన ఒక్క ముక్క రాశారు: ‘‘అంతా పోయినట్టేనా సార్?’’

ఏమీ పోలేదు, స్విచ్చి మాత్రం ఆపకండి, వెళ్ళి పడుకోండి అని జవాబిచ్చాను. తెల్లవారి చూస్తే పాత విండోస్ 10 పాత ఫైళ్ళతో సహా ఎప్పటిలాగే తెరుచుకుంది. విండోస్ 11కు మారడం మాత్రమే కుదరలేదు. అప్‌గ్రేడ్ ఆగిపోవడం వేరు, కంప్యూటర్ పాడవడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకొని కంగారుపడి మనం చేసే పనివల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది.

ఈ సంగతి నాకు చిత్తూరులో మా మామయ్య ఇంట్లో తెలిసింది. మా అత్తయ్య అన్నమయ్య కీర్తనలు బాగా పాడేది. కచేరీలు చేసిన మనిషి కాదు. వంటింట్లో, పూజ గదిలో పాడుకునేది. మామయ్య వాటిని నలభైకి పైగా రికార్డు చేసి కంప్యూటర్‌లో దాచుకున్నాడు. అత్తయ్య పోయాక రోజూ పొద్దున వాటిని వినేవాడు. 2019 చివర్లో, విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14తో ఆగిపోతుందని విని విండోస్ 10 వేసుకోబోయాడు. సగంలో ఆగింది. ఊళ్ళో ఒక దుకాణానికి తీసుకెళ్ళాడు. అక్కడివారు చూసి, ఫార్మాట్ చేసేద్దాం, కొత్తదానిలా పరుగెడుతుంది అన్నారు. డిస్కు మొత్తం చెరిపేసి, కొత్తగా భాగాలు చేసి, విండోస్ వేసి ఇచ్చారు. నిజంగానే వేగంగా పనిచేసింది. పాటలు మాత్రం లేవు.

కొన్నాళ్ళకు మామయ్య చీటీల పుస్తకం తిరగేస్తుంటే, అప్‌గ్రేడ్ ఆగిన రోజు తెర మీద కనిపించిన అంకెలు ఆయన చేతిరాతలోనే ఉన్నాయి: 0ఎక్స్80070070. దాని అర్థం డిస్కులో చోటు చాలలేదని. సి డ్రైవ్‌లో అక్కర్లేనివి తీసేసి మళ్ళీ మొదలుపెడితే సరిపోయేది. యంత్రం తన బాధ స్పష్టంగా చెప్పింది, మామయ్య శ్రద్ధగా రాసిపెట్టాడు కూడా. చదివి చెప్పేవారే లేకపోయారు. నేను అప్పటికే ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఒక్క ఫోను చేసి ఉంటే బాగుండేదని ఆయన, నేనే అడిగి ఉండాల్సిందని నేను, ఇప్పటికీ అనుకుంటూ ఉంటాం. అందుకే ఎవరు పిలిచినా ఈ విషయం మాట్లాడడానికి వెళ్తున్నాను.

ఇప్పుడు మళ్ళీ అదే పరిస్థితి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు ఉంది. కాబట్టి రాత్రికి రాత్రే మారాలన్న తొందర అక్కర్లేదు. కానీ దర్శనం టికెట్ల నుంచి బ్యాంకు పనుల దాకా ఆ కంప్యూటర్ మీదే చేసుకునేవారు మారే ప్రయత్నం చేయక తప్పదు. కొందరికి అది సగంలో ఆగుతుంది.

ఎక్కడ ఆగిందన్నదే ముఖ్యం. అలిపిరి నుంచి నడిచి కొండెక్కినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. మొత్తం 3,550 మెట్లు. మొదట్లోనే ఆయాసపడి గాలి గోపురానికి చేరకముందే కూలబడినవారికి కావలసింది వేరు. అక్కడి నుంచి హాయిగా నడిచివెళ్ళి మోకాళ్ళ మెట్టు దగ్గర కాళ్ళు పట్టేసినవారికి కావలసింది వేరు. ఇద్దరినీ చూసి నీకు నడక చేతకాదు అంటే అది వైద్యం కాదు.

విండోస్ అప్‌గ్రేడ్‌కు నాలుగు దశలుంటాయి. మొదటి దశ పాత విండోస్‌లోనే జరుగుతుంది. చోటుందా, ప్రాసెసర్ సరిపోతుందా, పడని ప్రోగ్రాములేమైనా ఉన్నాయా అని చూసుకొని ఫైళ్ళు తెచ్చిపెట్టుకుంటుంది. తర్వాత కంప్యూటర్ ఆగి మొదలవుతుంది. రెండో దశలో ఒక చిన్న తాత్కాలిక వ్యవస్థ లేచి, పాతదాన్ని పక్కకు జరిపి కొత్తదాన్ని పరుస్తుంది. మూడోది కొత్త విండోస్ మొదటిసారి లేచి డ్రైవర్లను, అంటే ప్రింటర్, వైఫై, గ్రాఫిక్స్ కార్డులను నడిపే ప్రోగ్రాములను పలకరించే దశ. నాలుగోది మీ అమరికలన్నీ సర్దే దశ. ఏ దశలో తేడా వచ్చినా చేసినదంతా వెనక్కి తిప్పి పాత విండోస్‌ను నిలబెట్టే ఏర్పాటు దానిలోనే ఉంది. కొర్లగుంట నుంచి వచ్చిన ఫోటోలో జరుగుతున్నది అదే. అది దిగివస్తున్న సమయం. అప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం మెట్లు దిగే మనిషిని వెనక నుంచి తోయడమే. పాత హార్డ్ డిస్కు ఉన్న కంప్యూటర్లకు ఇది గంటలు పడుతుంది. డిస్కు దీపం మినుకుమంటున్నంతసేపూ నేను ముట్టుకోను. ఇన్వర్టర్ గానీ యూపీఎస్ గానీ లేని ఇళ్ళవారు మన నవంబర్ వానల్లో ఈ పని పెట్టుకోకండి.

వెనక్కి వచ్చాక ఒక కోడ్ చూపిస్తుంది. చాలాసార్లు దాని మధ్యలో అడ్డగీత ఉంటుంది. ఉదాహరణకు 0ఎక్స్‌సి1900101, అడ్డగీత, 0ఎక్స్20017. అడ్డగీతకు ముందున్నది ఏం జరిగిందో చెబుతుంది, తర్వాతది ఎక్కడ జరిగిందో చెబుతుంది. ఆ రెండో భాగంలో ఎక్స్ పక్కన ఉన్న మొదటి అంకె చూడండి. 2 అయితే రెండో దశ, 3 అయితే మూడోది, 4 అయితే నాలుగోది. సి1900101 అంటే ఎక్కువగా డ్రైవర్ల గొడవ. సి1900208 అంటే పడని ప్రోగ్రాము ఏదో ఉంది. సి1900200 అంటే కంప్యూటర్‌కు కనీస అర్హత చాలలేదు. మామయ్య రాసుకున్న 80070070 ఇందాకే చెప్పాను. వీటిని కంఠస్థం చేయమనడం లేదు. తెర మీద కనిపించగానే ఫోనుతో ఫోటో తీయండి. ఆ ఒక్క ఫోటో ఉంటే బాగుచేసేవారి పని సగం అయినట్టే.

కోడ్ చూసుకోకుండా తెర మూసేశారా? పర్వాలేదు. సి డ్రైవ్‌లో దాగి ఉండే పాంథర్ అనే ఫోల్డర్‌లో ప్రతి అడుగూ రాసిపెట్టి ఉంటుంది. అది చదవడం అలవాటు లేనివారికి కష్టం. అందుకే మైక్రోసాఫ్ట్ వారే సెటప్‌డయాగ్ అనే చిన్న ప్రోగ్రామును ఉచితంగా ఇస్తున్నారు. అది ఆ రాతలన్నీ చదివి ఎందుకు ఆగిందో కొన్ని వాక్యాల్లో చెబుతుంది.

డ్రైవర్ల గొడవ అని తేలితే చేయాల్సింది చాలా వరకు చేతిపనే. మానిటర్, కీబోర్డు, మౌస్ తప్ప ప్రింటర్, స్కానర్, వెబ్‌క్యామ్, పెన్‌డ్రైవ్ అన్నీ ఊడదీయండి. బయటి యాంటీవైరస్ ఉంటే ఆపడం చాలదు, పూర్తిగా తీసేయండి. తర్వాత వేసుకోవచ్చు. కంప్యూటర్ తయారుచేసినవారి సైటు నుంచి కొత్త డ్రైవర్లు, విండోస్ కంటే ముందే లేచి యంత్రాన్ని సిద్ధం చేసే బయోస్ అనే ప్రోగ్రాముకు అప్‌డేట్ తెచ్చుకోండి. విండోస్ ఫైళ్ళలోనే లోపముందేమో అని అనుమానం వస్తే ముందు డిస్మ్, తర్వాత ఎస్‌ఎఫ్‌సి అనే రెండు ఆదేశాలున్నాయి, చివర్లో చేసి చూపిస్తాను. చోటు గురించి ఒక్క మాట: విండోస్ 11కు 64 జీబీ కావాలన్నది డిస్కు మొత్తం పరిమాణం, ఖాళీ కాదు. ఖాళీ అయితే నేను 30 జీబీ ఉంచమంటాను.

మీ కంప్యూటర్‌కు అర్హత లేదు అన్న మాటను మాత్రం వెంటనే నమ్మకండి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. చాలా కంప్యూటర్లలో అది ఉంటుంది గానీ బయోస్‌లో ఆపేసి ఉంటుంది. ఇంటెల్ వారి దాన్ని పీటీటీ అని, ఏఎండీ వారి దాన్ని ఎఫ్‌టీపీఎం అని రాస్తారు. ఉంటే ఆన్ చేస్తే సరిపోతుంది. ప్రాసెసర్ విషయంలో మాత్రం చేయగలిగింది తక్కువ. ఇంటెల్ అయితే, కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. ప్రాసెసర్ పేరులో ఐ5 పక్కన అడ్డగీత తర్వాతి అంకె 7 అయితే ఏడో తరం, 8 అయితే ఎనిమిదోది. 10, 11 అని మొదలైతే పదో, పదకొండో తరాలు. సరిపోని కంప్యూటర్‌లో తనిఖీని తప్పించి దొడ్డిదారిన విండోస్ 11 వేసే పద్ధతులున్నాయి. నేను వేయను, వేయించుకోమని చెప్పను. అప్‌డేట్లు వస్తాయన్న భరోసా ఉండదు. పిల్లల చదువుకు, సినిమాలకు, బ్రౌజింగ్‌కు విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత వ్యవస్థ వేసుకుంటే ఆ పాత యంత్రమే ఇంకొన్నేళ్ళు చక్కగా పనిచేస్తుంది.

బయోస్‌ను ముట్టుకునే ముందు ఒక హెచ్చరిక. డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే, అక్కడ మార్పు చేసిన తర్వాత అది 48 అంకెల కీ అడగవచ్చు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ తాళం మనకు తెలియకుండానే పడి ఉంటుంది. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే చూసి కాగితం మీద రాసుకొని బీరువాలో పెట్టండి. కీ లేకపోతే ఎంత నేర్పరి అయినా ఆ ఫైళ్ళు తెరవలేడు.

ఫార్మాట్ గురించి తెలుగువారికి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. అను ఫాంట్లతో టైపు చేసిన పెళ్ళిపత్రికలు, కవితలు, కరపత్రాలు చాలామంది దగ్గర ఉన్నాయి. ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేశాక ఆ ఫైలు తెరిస్తే తెలుగు కనిపించదు, అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైందనుకొని చెరిపేసినవారు నాకు తెలుసు. ఫైలుకు ఏమీ కాదు. అవి అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ ఫాంట్లు కావు కాబట్టి, ఆ ఫాంటు లేని చోట అక్షరాలు అలా కనిపిస్తాయి. మళ్ళీ వేస్తే తెలుగు తిరిగి వస్తుంది. ఫార్మాట్ లేకుండా అప్‌గ్రేడ్ అయితే ఫాంట్లు, ప్రోగ్రాములు మామూలుగా ఉన్నచోటే ఉంటాయి.

అసలు విండోస్ లేవనే లేవకపోతే? అప్పుడూ ఫైళ్ళు డిస్కులోనే ఉన్నాయని గుర్తుంచుకోండి. లైనక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్‌తోనే కంప్యూటర్ మొదలుపెట్టవచ్చు. లోపల ఏదీ వేయనక్కర్లేదు. మీ డిస్కు ఒక ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది, ఫోటోలను బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోవచ్చు. బిట్‌లాకర్ ఉంటే ఆ 48 అంకెలు ఇక్కడా కావాలి. ఇది ముగిసేదాకా ఫార్మాట్ అన్న మాటకు ఒప్పుకోకండి. దుకాణంలో ఇచ్చినా సరే, ముందు నా ఫైళ్ళు ఇందులోకి తీసివ్వండి, నేను తెరిచి చూసుకున్నాకే మిగతా పని అని చెప్పండి. అలా అడగడం అమర్యాద కాదు.

అప్‌గ్రేడ్ విజయవంతంగా అయినవారు కూడా పదిరోజులు విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌ను చెరపకండి. చోటు తింటోందని తొందరపడి తీసేస్తారు. అది ఉన్నంతవరకే పాత విండోస్‌కు వెళ్ళే దారి ఉంటుంది.

ఈ బల్ల మీదున్న ల్యాప్‌టాప్ భవానీనగర్ నుంచి ఒక అమ్మాయి తెచ్చింది. మూడుసార్లు ప్రయత్నించిందట, మూడుసార్లూ వెనక్కే వచ్చింది. కాగితం మీద కోడ్ రాసుకొచ్చింది: సి1900101, అడ్డగీత, 20017. రెండో దశ, డ్రైవర్ల అనుమానం. ఇంట్లో ప్రింటర్, పెన్‌డ్రైవ్ తగిలించే ఉంచిందని, రెండు యాంటీవైరస్‌లు ఉన్నాయని చెప్పింది. ఆమె ఫోటోలు, సర్టిఫికెట్లు మధ్యాహ్నమే బయటి డిస్కులోకి ఎక్కించాం. పది ఫైళ్ళు తెరిచి చూశాం, తెరుచుకున్నాయి. బిట్‌లాకర్ లేదు. వెనక ఉన్నవారు ముందుకు రండి, యాంటీవైరస్‌లు తీయడంతో మొదలుపెడదాం.