క్రిస్టల్ రేడియోకి ఖరీదైన ఇయర్‌ఫోన్స్ ఎందుకు పనికిరావు?

"కాయిల్ చుట్టాను, డాబా మీద ఏరియల్ కట్టాను, ఎర్త్ ఇచ్చాను. అయినా ఏమీ వినిపించట్లేదన్నా" అంటారు క్రిస్టల్ రేడియో కట్టినవాళ్లు. ఏ హెడ్‌ఫోన్ పెట్టావంటే, మొబైల్‌తో వచ్చింది. పోనీ ఇంకా ఖరీదైనది కొంటానంటారు. అక్కడే నాకు తిక్క రేగుతుంది. ఖరీదుకీ దీనికీ సంబంధమే లేదు.

క్రిస్టల్ రేడియో అంటే కాయిల్, డయోడ్, ఏరియల్‌లతో నడిచేది, ఇందులో బ్యాటరీ లేదు కదా. చెవిలో పడే శబ్దమంతా ఏరియల్‌కి దొరికిన శక్తే. అందులో కాస్త వోల్టేజి ఉంటుంది, కరెంటు మాత్రం మైక్రోఆంపియర్లలోనే. గేర్ల సైకిల్ మీద ఆరేళ్ల పిల్లాణ్ణి ఊహించుకోండి. కాళ్లు గిరగిరా తిప్పగలడు, బలంగా తొక్కలేడు. మొబైల్ ఇయర్‌ఫోన్ 32 ఓంలు, అంటే కరెంటుకి అడ్డు తక్కువ, ఎక్కువ కరెంటు అడుగుతుంది. అది పెట్టడమంటే వాణ్ణి బరువు గేర్‌లో తిరుమల ఘాట్ ఎక్కమనడమే. పైగా ఆ లోడ్ ట్యూనింగ్ కాయిల్ మీద పడి స్టేషన్లు కలగలిసిపోతాయి.

పాతకాలం మాగ్నెటిక్ హెడ్‌ఫోన్ తేలిక గేర్. ఒక్కో చెవికి 2,000 ఓంలు, రెండూ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) 4,000. సన్నని రాగి తీగ వేల చుట్లు ఉంటుంది కాబట్టి కొద్దిపాటి కరెంటుకే లోపలి ఇనుప రేకు కదులుతుంది. మల్టీమీటర్ చూపించేది తీగ రెసిస్టెన్స్ మాత్రమే. మాటలు, పాటల దగ్గర ఇంపెడెన్స్, అంటే మారే కరెంటుకి ఎదురయ్యే మొత్తం అడ్డు, ఇంకా ఎక్కువ. మరి కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఏమిటంటారా? ఫ్రీవీల్! ఒక వైపే పట్టు. ఈ సైకిల్ నేను ఇప్పట్లో దిగను.

కానీ ఆ హెడ్‌ఫోన్లకి ఇప్పుడు యాంటిక్ ధరలు చెబుతున్నారు. అందుకే చాలామందికి నా సలహా సెరామిక్ ఇయర్‌పీస్. చవక, మంచి సున్నితం. ఒక్కటే తిరకాసు, దాని గుండా డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) పోదు. చార్జ్ పేరుకుపోయి శబ్దం నొక్కుకుపోతుంది. ఇయర్‌పీస్ రెండు వైర్ల మధ్య 47 కిలో ఓంల రెసిస్టర్ ప్యారలల్‌గా పెట్టండి, చార్జ్ దాని గుండా పోతుంది. అది పెట్టకుండా ఇయర్‌పీస్‌ని తిట్టకండి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఉన్న ఇయర్‌ఫోనే వాడాలంటే గేర్ మార్చాలి, అంటే ట్రాన్స్‌ఫార్మర్. పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లోని 1,000:8 ఓంల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ చాలు. 8 ఓంల వైపు 32 ఓంలు తగిలిస్తే అవతల 125 రెట్లు (1,000 భాగం 8), అంటే 4,000 ఓంలు అవుతుంది. ఎడమ, కుడి సిరీస్ చేస్తే 8,000. అందుకు జాక్ కొసకి ఒక వైరు, దాని పక్క రింగుకి ఇంకొకటి, కామన్‌ని వదిలేయండి. బ్లూటూత్ గురించి దయచేసి అడక్కండి.

పాత సామాను కొట్లో కొనేటప్పుడు మల్టీమీటర్ పట్టుకెళ్లండి. ఓంలలో పెట్టి ప్రోబ్స్ తాకిస్తే మాగ్నెటిక్ అయినా సెరామిక్ అయినా 'టిక్' అనాలి. అనకపోతే డబ్బులివ్వకండి.