ఆ తేదీ ఎవరు పెట్టారు?

(బెంగళూరు మారతహళ్ళిలో తెలుగువారి నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను గేమింగ్ నిపుణురాలు అన్నారు. అంత లేదండీ, నేను టెస్టర్‌ని. ఆట విడుదలయ్యే ముందు ఆడి, ఎక్కడెక్కడ చెడిందో రాసిపెట్టడం నా పని. ఆటలాడితే జీతమిస్తారంటే మా అత్తగారు ఇప్పటికీ నమ్మరు. ఒకే తలుపు పొద్దుటినుంచి సాయంత్రం దాకా తీసి వేస్తూ కూర్చుంటే తెలుస్తుంది ఆ సుఖమేమిటో.

సరే, విషయానికొస్తాను. ఎస్పీ రోడ్డులో నాలుగు కొట్లు తిరిగి, బేరమాడి గ్రాఫిక్స్ కార్డు కొనిపెట్టిన నాన్నలు ఇక్కడ చాలామందే ఉన్నారు. అంత పోసి కొన్నా కొత్త ఆట పెట్టగానే నత్తనడక. పిల్లలు వెంటనే అనేమాట: 'లేజీ డెవలపర్స్', ఆట తయారుచేసినవాళ్ళు బద్ధకస్తులని.

తెరమీద బొమ్మ సాఫీగా కదలాలంటే సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, గీయాలి. అలా రావాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.6 మిల్లీసెకన్లు. వెలుగు, నీడలు, శత్రువు నడక, అన్నీ ఆలోపే తేలాలి. ఏది బరువవుతుందో ఊళ్ళూ మనుషులూ అంతా ఆటలోకి చేరాకగానీ పూర్తిగా బయటపడదు. అందుకే ఆప్టిమైజేషన్‌లో, అంటే ఆ బరువు తగ్గించి ఆటను వేగంగా నడిపించే పనిలో, చాలా భాగం చివరి నెలల్లో పడుతుంది. ముందు పనులు ఆలస్యమైతే కోతపడేది ఆ నెలలకే, విడుదల తేదీకి కాదు. ముహూర్తం పెట్టేసి సంబంధం వెతకడమంటే ఇదే.

ఇక్కడ నా గోడు ఒకటి చెప్పుకోవాలి. ఇందాక చెప్పిన తలుపు. అది తీస్తే సంత. సంతలోకి అడుగుపెట్టగానే అరవై ఫ్రేముల మీద నడిచేది ఇరవైకి పడిపోయేది. ఏ కార్డు, ఏ డ్రైవర్, ఏ సెట్టింగు, ఎన్నో అడుగులో పడింది, వీడియోతో సహా పెట్టాను. టికెట్, అంటే నేను రాసిన ఆ ఫిర్యాదు, తిరిగొచ్చింది, మీద రెండక్షరాలు: కేఎస్. నోన్ షిప్పబుల్. అంటే లోపం తెలుసు, అయినా అమ్మేద్దాం అని. మళ్ళీ తెరిచాను. మళ్ళీ కేఎస్. ఆట బయటికొచ్చిన సాయంత్రమే జనం ఆ సంతలో ఇరుక్కుని, 'టెస్టర్లు నిద్రపోయారా' అన్నారు. మేం నిద్రపోలేదండీ! చివర్న పేర్లు పడేచోట మా కాంట్రాక్టు కంపెనీ పేరు ఒక్కటే ఉంది. మా పేర్లు లేవు.

సైబర్‌పంక్ 2077 అనే ఆట గుర్తుందిగా? 2020 డిసెంబర్ 10న వచ్చింది. ప్లేస్టేషన్ లాంటి పాత కన్సోళ్ళ మీద ఎంత ఘోరంగా ఉందంటే, వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి తీసేసింది. మర్నెల్లో ఆ ఆట తయారుచేసిన సంస్థ సహ వ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్స్కీ వీడియోలో కనబడి, ఉద్యోగుల్ని అనకండి, విడుదల చేయాలన్నది మా పైవాళ్ళ నిర్ణయం అన్నాడు. మెచ్చుకున్నాను. అదే వీడియోలో, మీకెదురైన సమస్యల్లో చాలావాటిని మా టెస్టింగ్ చూపించలేదనీ అన్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. వాళ్ళ దగ్గర ఏం జరిగిందో వాళ్ళకే తెలియాలి, నాకు మాత్రం నా కేఎస్ టికెట్టే కళ్ళముందు ఆడింది.

సిటీస్: స్కైలైన్స్ 2 అనే నగరాలు కట్టే ఆట వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. 2023 అక్టోబర్‌లో విడుదలకు ముందే, అనుకున్న పెర్ఫార్మెన్స్ ఇంకా రాలేదని వాళ్ళే చెప్పారు. చెప్పి, పెట్టుకున్న తేదీకే పీసీ మీద వదిలారు. ఇందులో కోడ్ రాసే కుర్రాడి బద్ధకం ఎక్కడుంది చెప్పండి?

పీసీల రకాలు లెక్కలేనన్ని, ఆటను నడిపే ఇంజన్ల తంటాలున్నాయి, చిన్న బొమ్మ గీసి పెద్దది చేసి వేగం పెంచే డీఎల్ఎస్ఎస్ ఉందిలే అని ఏమారేవాళ్ళూ ఉన్నారు. అన్నీ ఒప్పుకుంటాను. ఆ తంటాలన్నీ తెలిసే కదా విడుదల తేదీ మీద సంతకం పెట్టేది? ఆ సంతకం పబ్లిషర్ది, యాజమాన్యానిది.

ముందు వరసలో బాబులూ, ప్రీ-ఆర్డర్ చేసినవాళ్ళు, ఆట రాకముందే డబ్బు కట్టినవాళ్ళు, చెయ్యెత్తండి. అబ్బో! ఆట సిద్ధం కాకముందే మీ డబ్బు అక్కడికి చేరిపోతే, తేదీ వాయిదా వేద్దామని ఆ సంతకం పెట్టే గదిలో ఎవరంటారు నాన్నా?

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క పనికొచ్చే మాట చెప్పి దిగిపోతాను. పీసీ ఆటలమ్మే ఆన్‌లైన్ కొట్టు స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. కానీ ఆట తెరిచాక షేడర్లు, అంటే బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ కార్డుకిచ్చే చిన్న ప్రోగ్రాములు, తయారవుతున్నంతసేపూ ఆ గంటలు నడుస్తూనే ఉంటాయి. 2023లో ద లాస్ట్ ఆఫ్ అస్ పీసీకి వచ్చినప్పుడు చాలామందికి ఆ తయారీకే బోలెడు సమయం పోయింది. కాబట్టి టైము చూసుకుంటూ ఆడండి. వాపసు అడిగేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు పేరు, సెట్టింగు, ఎక్కడ ఆగిందో రాయండి. బూతులు వద్దు.