పోస్టు కవరు మీద పోరు: డాబ్స్ తర్వాత అబార్షన్ వ్యతిరేక ఉద్యమం

యాంకర్: నమస్కారం. 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు నుంచి డాబ్స్ కేసు తీర్పు వచ్చింది. అబార్షన్‌ని దేశమంతా హక్కుగా గుర్తించిన పాత తీర్పు రో వర్సెస్ వేడ్‌ని కొట్టేశారు, ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రం చేసుకోవచ్చన్నారు. అబార్షన్ వ్యతిరేక ఉద్యమం దాదాపు యాభై ఏళ్లు పోరాడింది దీనికోసమే కదా. గెలిచాక కూడా కోర్టుల చుట్టూ ఎందుకు తిరుగుతున్నారు మేడమ్?

న్యాయవాది: మాత్రల వల్లండీ. నిషేధం ఉన్న రాష్ట్రాల్లో క్లినిక్కులు మూతపడ్డాయి, నిజమే. కానీ 2023లో అమెరికా వైద్య వ్యవస్థలో జరిగిన అబార్షన్లలో 63 శాతం మాత్రలతోనే జరిగాయి. ముందు 200 మిల్లీగ్రాముల మిఫెప్రిస్టోన్, 24 నుంచి 48 గంటల తర్వాత 800 మైక్రోగ్రాముల మిసోప్రొస్టాల్. పది వారాల గర్భం వరకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఉంది. ఒకప్పుడు మిఫెప్రిస్టోన్ డాక్టరు చేతి మీదుగానే తీసుకోవాలి. 2021లో ఎఫ్‌డీఏ ఆ షరతు ఎత్తేసింది, 2023 జనవరిలో దాన్ని ఖాయం చేసింది. దాంతో ఆన్‌లైన్‌లో డాక్టరుతో మాట్లాడితే మందు పోస్టులో ఇంటికొస్తుంది. గర్భంలో పడ్డ క్షణం నుంచే అది ప్రాణమని నమ్మేవాళ్లకి ఆ కవరు చట్టానికి పడ్డ పెద్ద చిల్లు. అందుకే పోరాటమంతా ఇప్పుడు దాని చుట్టూ నడుస్తోంది.

యాంకర్: మొదటి దెబ్బ అమరిల్లోలో కదా పడింది?

న్యాయవాది: అవును. టెక్సాస్ ఉత్తరాన ఉన్న ఊరు. అక్కడ ఫెడరల్ కేసు వేస్తే దాదాపు ఖాయంగా జడ్జి మాథ్యూ కాజ్మరిక్ దగ్గరికే వెళ్తుంది. 2022 నవంబరులో కొందరు డాక్టర్లు, వాళ్ల సంఘాలు అక్కడే కేసు వేశారు. 2023 ఏప్రిల్ 7న ఆయన ఏకంగా 2000 సంవత్సరం నాటి ఎఫ్‌డీఏ అనుమతినే నిలిపేశారు. రెండు వారాల్లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుని ఆపింది. 2024 జూన్ 13న తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాట మీద కేసు కొట్టేశారు.

యాంకర్: మందు సురక్షితమని తేల్చి చెప్పినట్టేనా?

న్యాయవాది: కాదండీ. చాలామంది పొరబడేది ఇక్కడే. మందు జోలికే కోర్టు వెళ్లలేదు. 'స్టాండింగ్', అంటే కేసు వేసే అర్హత లేదంది. ఆ డాక్టర్లు ఈ మందు రాయరు, వాడరు. ఎప్పుడో ఎవరికో తేడా చేసి ఎమర్జెన్సీకి వస్తే మేం చూడాల్సి వస్తుందన్నారు. అంత దూరపు నష్టం చాలదంది కోర్టు. ఓడింది అర్హత మీద కాబట్టి, ఎవరికి అర్హత ఉందో వెతకడం మొదలైంది. మిస్సోరి, ఐడహో, కాన్సస్ రాష్ట్రాలు అదే కేసులో దూరాయి. మా మెడికెయిడ్ (పేదలకిచ్చే ప్రభుత్వ వైద్య బీమా) ఖర్చు పెరుగుతోంది, టీనేజీ కాన్పులు తగ్గి మా జనాభాకి నష్టం అని వాదించాయి. టీనేజీ అమ్మాయి ప్రసవించకపోవడం రాష్ట్రానికి నష్టమని ప్రభుత్వాలే కోర్టులో రాసిచ్చాయంటే నాకు చాలా బాధగా ఉంటుంది. 2025లో ఆ కేసు మిస్సోరికి బదిలీ అయింది. అదే ఏడాది అక్టోబరులో లూసియానా విడిగా ఎఫ్‌డీఏ మీద కేసు వేసింది.

యాంకర్: లూసియానా ఈ రెండు మందుల్నీ మత్తుమందుల జాబితాలో పెట్టిందన్నారు.

న్యాయవాది: కంట్రోల్డ్ సబ్‌స్టెన్సులు, అంటే చట్టం గట్టి నిఘా పెట్టే మందుల జాబితాలో, షెడ్యూల్ 4 కింద, 2024 అక్టోబరు 1 నుంచి. మిసోప్రొస్టాల్ కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి కూడా వాడతారు. అలాంటి మందు తాళం వేసిన అరలోకి పోతే, నిమిషాల మీద ప్రాణం నిలబెట్టాల్సిన చోట తాళం తీసేదాకా ఆగాలి.

యాంకర్: ఇక టెక్సాస్. డాలస్, హ్యూస్టన్‌లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడి కొత్త చట్టం గురించి వివరంగా చెప్పండి.

న్యాయవాది: ముందు 2021లో టెక్సాస్ తెచ్చిన అబార్షన్ చట్టం ఎస్‌బీ 8 అర్థం కావాలి. మామూలుగా ఒక చట్టాన్ని ఆపాలంటే దాన్ని అమలు చేసే అధికారి మీద కేసు వేస్తాం. ఎస్‌బీ 8లో అమలు చేసే అధికారే లేడు. ఎవరైనా సరే, అబార్షన్‌కి సాయం చేసినవాళ్ల మీద దావా వేసి కనీసం 10,000 డాలర్లు రాబట్టొచ్చు. ఇక ఎవరి మీద కేసు వేసి ఆపుతారు? రో ఇంకా బతికి ఉండగానే ఆ చట్టం నిలబడిపోయింది. 2025 డిసెంబరు 4న అమల్లోకి వచ్చిన హెచ్‌బీ 7 ఆ పద్ధతినే మాత్రలకి తెచ్చింది. మందు తయారుచేసినవాళ్లు, రాసినవాళ్లు, టెక్సాస్‌లోకి పోస్టు చేసినవాళ్లు, తెచ్చిచ్చినవాళ్లు, వీళ్ల మీద కనీసం 100,000 డాలర్ల దావా. కడుపులోని బిడ్డకి దగ్గరి బంధువైతే మొత్తం సొమ్ము వాళ్లకే. సంబంధం లేనివాళ్లు వేస్తే పదో వంతే చేతికొస్తుంది, మిగతాది దానధర్మాలకి వెళ్లాలి. మాత్ర వేసుకున్న ఆడమనిషి మీద మాత్రం దావా వేయడానికి లేదు.

యాంకర్: న్యూయార్క్ డాక్టరు మీద టెక్సాస్ తీర్పు ఇస్తే అక్కడ చెల్లుతుందా?

న్యాయవాది: అసలు ముడి అదేనండీ. న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి చోట్ల షీల్డ్ చట్టాలున్నాయి. మా డాక్టరు మా చట్టం ప్రకారం చేసిన పనికి మీ తీర్పు మేం అమలు చేయం అంటాయవి. న్యూయార్క్ డాక్టరు ఒకరికి టెక్సాస్ కోర్టు 2025 ఫిబ్రవరిలో లక్ష డాలర్లకి పైగా జరిమానా వేసింది. అల్‌స్టర్ కౌంటీ క్లర్కు ఆ తీర్పుని నమోదు చేసుకోనన్నాడు. అప్పుడు టెక్సాస్ అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్ ఆ క్లర్కు మీదే కోర్టుకెళ్లాడు. ఒక రాష్ట్రం తీర్పుని మరో రాష్ట్రం గౌరవించాలని రాజ్యాంగంలోనే ఉంది. దానికి మినహాయింపు ఎక్కడిదాకా అన్నది చివరికి సుప్రీంకోర్టే తేల్చాలి.

యాంకర్: రాజకీయంగా చూస్తే ట్రంప్ అబార్షన్ వ్యతిరేక ఉద్యమానికి అండగానే ఉన్నారు కదా?

న్యాయవాది: కొంతవరకే. 2025 జనవరిలో క్లినిక్కుల దారి అడ్డగించిన కేసుల్లో శిక్షపడ్డ 23 మందికి క్షమాభిక్ష పెట్టారు. జూలై 4న సంతకమైన బడ్జెట్ చట్టం, అబార్షన్ సేవలు కూడా అందించే క్లినిక్కుల సంస్థ ప్లాన్డ్ పేరెంట్‌హుడ్‌కి ఏడాదిపాటు మెడికెయిడ్ డబ్బులు కట్ చేసింది. కానీ దేశమంతా నిషేధం అన్న మాటని 2024 రిపబ్లికన్ పార్టీ మేనిఫెస్టోలోంచే తీసేశారు. అబార్షన్ సామగ్రిని పోస్టులో పంపకూడదనే 1873 నాటి కామ్‌స్టాక్ చట్టాన్ని బయటికి తీసి మాత్రల పోస్టు ఆపమని ఉద్యమంలో చాలామంది అడుగుతుంటే, 2025 సెప్టెంబరు చివర్లో ఎఫ్‌డీఏ మరో జెనరిక్ మిఫెప్రిస్టోన్‌కి అనుమతిచ్చింది. ఉద్యమ నాయకులు బాహాటంగానే మండిపడ్డారు.

యాంకర్: ఓటింగులో?

న్యాయవాది: ఓటర్లు వాళ్లకి అంత సులువుగా లొంగలేదు. 2022లో కాన్సస్, 2023లో ఒహాయో, 2024లో మిస్సోరి, మూడూ రిపబ్లికన్ల బలమున్న రాష్ట్రాలే, మూడుచోట్లా అబార్షన్ హక్కుల వైపే ఓటేశారు. ఫ్లోరిడాలో హక్కుల వైపు 57 శాతం వచ్చినా 60 కావాలి కాబట్టి ఓడింది. మిస్సోరి శాసనసభ ఆ గెలుపుని తిరగదోడే సవరణని 2026 నవంబరు బ్యాలెట్‌కి పంపింది. ఇందాకటి అమరిల్లోలోనే, అబార్షన్ ప్రయాణాల్ని అడ్డుకునే ఊరి చట్టాన్ని 2024లో ఓటర్లు తిరస్కరించారు.

యాంకర్: మన కుటుంబాలు టెక్సాస్‌లో దేన్ని గుర్తుపెట్టుకోవాలి?

న్యాయవాది: ముందు భాష. మనం గర్భం నిలవకపోయినా "అబార్షన్ అయింది" అంటాం, కావాలని తీయించుకున్నా అబార్షనే అంటాం. హ్యూస్టన్ ఎమర్జెన్సీ గదిలో ఆ మాట అంటే వాళ్లు రెండోదే అనుకోవచ్చు. దానంతటదే పోతే 'మిస్‌క్యారేజ్' అనే చెప్పండి. పోయిన పిండాన్ని తీయడం, ట్యూబులో వచ్చిన గర్భానికి చికిత్స, ఇవి టెక్సాస్ చట్టంలో అబార్షన్ కిందకే రావు. తల్లి ప్రాణం కాపాడటానికి అబార్షన్ చేయాలంటే ప్రాణాపాయం ఆ క్షణానే ఉండాల్సిన పనిలేదని 2025లో తెచ్చిన ఎస్‌బీ 31 స్పష్టం చేసింది. ఆస్పత్రి వెనకాడితే ఆ చట్టం పేరు చెప్పి అడగండి.

యాంకర్: స్కానింగ్‌లో లోపం తేలితే?

న్యాయవాది: అక్కడ మినహాయింపు లేదు. అత్యాచారానికీ లేదు. బిడ్డలో లోపాలు చూసే ఎనామలీ స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. ఫలితం చేతికొచ్చేసరికి రోజులు దగ్గరపడతాయి కాబట్టి న్యూ మెక్సికోకో కొలరాడోకో అపాయింట్‌మెంటు వెంటనే తీసుకోవాలి. రెండుచోట్లా చట్టంలో వారాల పరిమితి లేదు, అయినా ప్రతి క్లినిక్కూ ఎన్ని వారాల వరకు చూస్తుందో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

యాంకర్: ఇండియా నుంచి అమ్మావాళ్లు వచ్చేటప్పుడు మాత్రల కిట్ తెమ్మనడం?

న్యాయవాది: వద్దండీ. మాత్ర వేసుకున్న కూతుర్ని చట్టం వదిలేస్తుంది, సూట్‌కేసులో తెచ్చిన తల్లిని వదలదు. "తెచ్చిచ్చినవాళ్లు" అన్న మాటలో ఆమె కూడా ఉంది.