ఫుట్‌వాల్వ్ లీకైతే మోటారును తిట్టొద్దు
(హన్మకొండలో పెద్దల సమావేశంలో ఒక గుండె డాక్టరు ప్రసంగం)

పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. మీలో చాలామంది బావి మోటారు నడిపినవాళ్లే. పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ పాడైతే ఎక్కిన నీళ్లు మళ్లీ బావిలోకే జారతాయి. గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ లీకైనా అంతే. గుండె ఒత్తిన ప్రతిసారీ కొంత రక్తం ఊపిరితిత్తుల దిక్కు వెనక్కి పోతుంది. తేడా ఒక్కటే, గుండెను ఆపి వాల్వ్ బాగుచేయాలంటే దాని పని చేసే యంత్రం పక్కన ఉండాలి.

ఎకో, అంటే గుండె స్కానింగ్ రిపోర్టులో లీకు ‘మైల్డ్’ అని చూసి నిద్రపోనివాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. టెన్షన్ వద్దు. కొద్దిపాటి లీకు ఆరోగ్యవంతులకూ కనిపిస్తుంది. నా భయమంతా ‘సివియర్’, అంటే లీకు తీవ్రం అని ఉన్నా, ఆయాసం లేదు కదా అని ఫైలును బీరువాలో పెట్టేవాళ్ల గురించే.

ఇక్కడో మోసం ఉంది. లీకున్న గుండెలో పంపింగ్ శాతం బాగానే కనిపిస్తుంది, వెనక్కి పోయిన రక్తం కూడా ఆ లెక్కలో కలుస్తుంది కాబట్టి. మామూలుగా 60 అంటే మంచిదే. వాల్వ్‌లోనే లోపం ఉండి లీకు సివియర్ అయినవాళ్లకు 60కి దిగిందంటే కండరం అలిసిపోతున్నట్టు. ఒత్తిన తర్వాత ఎడమ కింది గది కొలత 40 మిల్లీమీటర్లకు చేరినా అంతే. ఆయాసం లేకున్నా అప్పుడే ఆపరేషన్ మాట ఎత్తాలి. నీరు పోయే మాత్ర ఆయాసం తగ్గిస్తుంది, లీకును మూయదు.

ముందు అడగాల్సింది ‘రిపేరు అవుతుందా?’ అని. సొంత వాల్వ్‌ను మించింది లేదు. చిన్నప్పటి కీళ్ల జ్వరంతో బిగుసుకుపోయిన వాల్వ్‌కు మాత్రం రిపేరు కష్టం. మార్చాల్సివస్తే, మెటల్ వాల్వ్ ఏళ్లకేళ్లు ఉంటుంది. కానీ రక్తం పలచబరిచే మాత్ర జీవితాంతం వేసుకోవాలి, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షలు తప్పవు. తిరువనంతపురంలో తయారై 1990లో తొలిసారి అమర్చిన చిత్ర అనే మెటల్ వాల్వ్‌కూ ఇదే నియమం. ఆకుకూరలు ఆ మాత్ర పనిని తగ్గిస్తాయి, అయినా పాలకూర మానేయమనను, ఒక వారం రోజూ తిని మరో వారం ముట్టకపోతేనే ఇబ్బంది. జంతు కణజాలపు వాల్వ్‌కు చాలామందికి ఆ మాత్ర కొన్ని నెలలే, అయితే 10, 15 ఏళ్లకు అరగొచ్చు. పిల్లల్ని కనాల్సిన ఆడబిడ్డ అయితే ఈ రెండు రకాల వాల్వ్‌ల గురించి డాక్టరుతో తీరిగ్గా మాట్లాడండి, ఆ మాత్ర కడుపులో బిడ్డకు హాని చేయొచ్చు.

ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లకు తొడ దగ్గరి రక్తనాళం నుంచి క్లిప్పు పంపి వాల్వ్ రెక్కలను కలిపే పద్ధతి ఉంది. అందరికీ కుదరదు, ఖర్చూ ఎక్కువే. ఆరోగ్యశ్రీలో ఏది వస్తుందో ముందే ఆరోగ్యమిత్రను అడగండి.

రిపోర్టులు తెచ్చినవాళ్లు ముందు వరసలోకి రండి. పాతవీ తీయండి. పోయినేడు ఎడమ గది ఎంతుందో తెలియకుండా ఈ ఏటి అంకె చూసి నేను చెప్పగలిగేది సగమే.