అమ్మ టాబ్లెట్‌లో బైబిల్

శ్రోతలందరికీ నమస్కారం.

పోయిన క్రిస్మస్‌కి ఊళ్ళో ఉన్న అమ్మకు పది అంగుళాల టాబ్లెట్ కొనిచ్చాను. కంటి ఆపరేషన్ అయ్యాక తన పాత బైబిల్‌లో అక్షరాలు కనపడటం లేదంటే, ప్లే స్టోర్‌లో తెలుగు బైబిల్ అని కొట్టి ముందు కనపడిన యాప్ ఎక్కించేశాను. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఇరవై మూడవ కీర్తన తీయమన్నారు. అమ్మ తీసేసరికి తెర నిండా లోన్ ప్రకటన, దాన్ని మూసే గుర్తేమో ఒక మూలన ఆవగింజంత. దాన్ని నొక్కబోతే వేలు ప్రకటన మీదే పడి ఇంకేదో పేజీ తెరుచుకుంది, చుట్టూ అందరూ కీర్తన చదివేస్తుంటే అమ్మ దాన్ని మూయడానికే తంటాలు పడింది. ఇంటికొచ్చి, "నా బైబిల్ నాకిచ్చెయ్ నాన్నా" అంది. చాలా బాధేసింది. అమ్మకి ఏం కావాలో అడక్కుండా ఎక్కించింది నేనే కదా.

ఆ తర్వాత కూర్చుని చాలా యాప్‌లు వాడి చూశాను. నాకు తేలిందేమిటంటే మామూలుగా చదువుకోవడానికి ఒకటి, మాటల అర్థాలు లోతుగా చూసుకునే స్టడీకి వేరొకటి పెట్టుకోవాలి, రెండూ ఒకదాంట్లోనే కావాలంటే పెద్దవాళ్ళకి ఆ మెనూలన్నీ చూసి టెన్షన్ వస్తుంది.

చదవడానికైతే నా ఓటు యూవర్షన్‌కే. అమెరికాలోని లైఫ్.చర్చ్ వాళ్ళు 2008లో తెచ్చిన యాప్ ఇది, డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు రావు. తెలుగులో బైబిల్ సొసైటీ వారి పాత అనువాదమూ ఉంది, వాడుక భాషలో చేసినవీ ఉన్నాయి. ఏది పెట్టాలన్నది చదివే మనిషిని బట్టి చూడండి. "నాకు లేమి కలుగదు" అని చిన్నప్పుడే కంఠతా పట్టిన అమ్మకి అక్కడ ఇంకో మాట కనిపిస్తే అది తన కీర్తన అనిపించదు, అదే పదో తరగతి పిల్లాడికి లేమి అంటే ఏమిటో మనం చెప్పాల్సి వస్తుంది.

ఏ యాప్ అయినా సరే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకసారి తెరవండి. కొన్ని అనువాదాలు డౌన్‌లోడ్ అవుతాయి, కొన్ని ప్రచురించినవాళ్ళ అనుమతి లేక కావు, సిగ్నల్ లేని ఊళ్ళో చర్చికి వెళ్ళాక ఆ సంగతి తెలిస్తే లాభం లేదు. తర్వాత 119వ కీర్తన తీసి అక్షరం బాగా పెద్దది చేయండి. 176 వచనాలున్న కీర్తన కదా, పైకీ కిందికీ జరుపుతూ చూస్తే వత్తులు కింది వరుసకి తగులుతున్నాయో లేదో తెలిసిపోతుంది. వెతుకులాట కూడా చూడాలి. పాత అనువాదంలో "యెరుగుదువు" అని ఉంటుంది, మనం "ఎరుగుదువు" అని కొడితే చాలా యాప్‌లలో దొరకదు. అందుకే మాటలో మధ్య ముక్క, అంటే "రుగుదు" అని కొట్టి చూడండి.

ఇక స్టడీ. యోహాను సువార్త 21వ అధ్యాయంలో యేసు తన శిష్యుడు పేతురుని మూడుసార్లు అడుగుతాడు, నన్ను ప్రేమించుచున్నావా అని. తెలుగులో మూడుసార్లూ అదే మాట. ఉచితంగా దొరికే బ్లూ లెటర్ బైబిల్ అనే యాప్‌లో ఇంగ్లీషు వచనం నొక్కితే మూలంలోని గ్రీకు మాటలు ఒక్కొక్కటే వరుసగా విడిపోతాయి. మొదటి రెండుసార్లు యేసు అడిగింది అగపావో అనే మాటతో, పేతురు ప్రతిసారీ జవాబు చెప్పింది ప్రేమకే గ్రీకులో ఉన్న ఇంకో మాట ఫిలియోతో, మూడోసారి యేసు కూడా ఫిలియోతోనే అడిగాడు. ఈ తేడాలో పెద్ద విశేషం లేదనే పండితులూ ఉన్నారు, అయినా అది కళ్ళారా చూసిన రాత్రి నేను చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఉండిపోయాను. టాబ్లెట్ తెరని రెండు భాగాలు చేసి ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇది పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది.

నెట్ సరిగా అందని చోట ఆండ్‌బైబిల్ మంచిది, కావలసినవి ఒకసారి దించుకుంటే చాలు. లాగోస్ పెద్ద గ్రంథాలయం లాంటిది, ప్రసంగాలు సిద్ధం చేసుకునేవాళ్ళకి పనికొస్తుంది, కానీ పుస్తకాలకి చాలా ఖర్చవుతుంది. ముందు ఉచితంగా ఇచ్చేది కొన్ని నెలలు వాడండి.

ఒక్క జాగ్రత్త. ఒక యాప్‌లో రెండేళ్ళపాటు రాసుకున్న నోట్సు టాబ్లెట్ రీసెట్ చేయగానే మొత్తం పోయింది, నేను అకౌంట్‌తో లాగిన్ అవలేదు, కాపీ ఎక్కడా తీసిపెట్టుకోలేదు. బైబిల్‌లోని రోమా పత్రిక మీద రాసుకున్నది ఇప్పటికీ తలుచుకుంటాను. అందుకే అమ్మ టాబ్లెట్‌లో ముందుగా అకౌంట్ తెరిచి, పాస్‌వర్డ్ ఆమె పాత బైబిల్ అట్ట లోపలే రాసిపెట్టాను.

మొన్న రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "119లో సగం అయింది, నిద్రొస్తోంది. మూసేస్తే ఆపిన చోటు దానికి గుర్తుంటుందా?"

"ఉంటుందమ్మా, మూసెయ్" అన్నాను.