సిడ్నీ కూడా పోయింది

అన్నయ్య: పొద్దున్న ఐదింటి బ్యాచ్ అందరికీ నమస్కారం. 2024-25 ఆస్ట్రేలియా టెస్ట్ సిరీస్ కోసం ఆరు వారాలు నిద్రలు పాడు చేసుకున్నాం. నిన్నటితో అదీ అయిపోయింది. 3-1తో ఓడిపోయాం. దాదాపు ఎనిమిదేళ్ళు మన దగ్గరున్న బోర్డర్-గవాస్కర్ ట్రోఫీ పోయింది, టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనలూ పోయింది.

చిన్ని: ముందే చెప్తున్నా అన్నయ్యా, ఇవాళ ఒక పద్ధతి ప్రకారం వెళ్దాం. ఐదు టెస్టులు, ఒక్కోదానికి ఐదు నిమిషాలు. చివర్లో రోహిత్, కోహ్లీ. నీ ప్రాక్టీస్ మ్యాచ్‌ల గోల వద్దు.

అన్నయ్య: సరే. పెర్త్. మొదటి ఇన్నింగ్స్‌లో 150కే చాప చుట్టేశాం. అయినా 295 పరుగుల తేడాతో గెలిచాం. బుమ్రా కెప్టెన్. జైస్వాల్ 161, కోహ్లీ సెంచరీ. ఆ రోజు ఇల్లంతా పండగే.

చిన్ని: పనసకాయ కూర రోజు.

అన్నయ్య: అవును, పనసకాయ రోజే. అక్కడ మనం మోసపోయాం చిన్నీ. సిరీస్ మనదే అనుకున్నాం. అడిలైడ్‌లో పింక్ బాల్, రెండున్నర రోజుల్లో పది వికెట్లతో ఓడిపోయాం. ఆస్ట్రేలియా వెళ్ళి ఒక్క సరైన ప్రాక్టీస్ మ్యాచ్...

చిన్ని: మొదలెట్టావా!

అన్నయ్య: విను, ఒక్క మాట. పెర్త్ ముందు మనవాళ్ళతో మనవాళ్ళే ఆడుకున్నారు. కాన్‌బెర్రాలో రెండు రోజుల మ్యాచ్ పెడితే ఒక రోజు వానకి పోయింది, 46 ఓవర్ల ఆటయింది. రోహిత్ అందులో 3 కొట్టి నేరుగా అడిలైడ్‌లో దిగాడు. అక్కడి బౌన్స్‌కి కళ్ళు, కాళ్ళు అలవాటు పడాలి కదా.

చిన్ని: మరి పెర్త్‌కి ముందూ అలవాటు పడలేదుగా? అక్కడెలా గెలిచాం?

అన్నయ్య: బుమ్రా ఉన్నాడు కాబట్టి.

చిన్ని: అదీ మాట. బ్రిస్బేన్ వదిలెయ్, వాన కాపాడింది. ఆకాశ్‌దీప్, బుమ్రా ఆఖరి వికెట్‌కి నిలబడి ఫాలోఆన్, అదే వెంటనే మళ్ళీ బ్యాటింగ్‌కి దిగాల్సిన పరిస్థితి, తప్పించారు. అశ్విన్ రిటైర్మెంట్ గురించి పోయిన ఎపిసోడ్‌లోనే ఏడ్చేశాం. మెల్‌బోర్న్‌కి రా.

అన్నయ్య: మెల్‌బోర్న్ అంటే నాకు కడుపు మండిపోతోంది. నాలుగో రోజు మూడు క్యాచ్‌లు వదిలేశాం. లయన్, బోలాండ్ ఆఖరి వికెట్‌కి 61 కలిపారు. రాహుల్ క్యాచ్ పట్టాడు, ఎగిరి గంతేశాను. నోబాల్! ఐదో రోజు, సోమవారం, టీకి 112కి 3. డ్రా చేసుకోవచ్చు. హెడ్ బౌలింగ్‌కి వస్తే పంత్ లాంగాన్‌లో క్యాచ్ ఇచ్చి వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఏడు వికెట్లు 34 పరుగులకి.

చిన్ని: నేను చెప్పాలనుకున్న మెల్‌బోర్న్ అది కాదు. నాన్న స్కోర్లు రాసుకునే పుస్తకం తెచ్చాను.

అన్నయ్య: అడిగి తెచ్చావా?

చిన్ని: నిద్రపోతున్నారు. చూడు, డిసెంబర్ 28, శనివారం. నితీశ్ కుమార్ రెడ్డి దిగేసరికి 191కి 6. జడేజా పోయేసరికి 221కి 7. ఫాలోఆన్ తప్పాలంటే 275 కావాలి. అక్కడ సుందర్ 162 బంతులాడి 50. ఇద్దరూ కలిపి 127. సుందర్ పోయాడు, నితీశ్ 99 మీద ఉండగా బుమ్రా కూడా పోయాడు. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. సిరాజ్ వచ్చాడు.

అన్నయ్య: ఆ మూడు బంతులు నేను చూడలేదు. బాల్కనీలోకి వెళ్ళిపోయాను.

చిన్ని: తెలుసు. సిరాజ్ పరుగు తీయకుండా ఆడిన ఆ మూడు బంతులకి ఇక్కడ మూడు చుక్కలు చూడు. నాన్న పెన్ను ఎంత గట్టిగా నొక్కారో, కాగితం వెనక్కి దిగిపోయాయి. పేజీ తిప్పి వేలితో తడిమితే తగులుతున్నాయి. తర్వాతి ఓవర్లో నితీశ్ బోలాండ్‌ని మిడాన్ మీదుగా లేపాడు. ఇదిగో 4, దాని చుట్టూ సున్నా. వాళ్ళ నాన్న ముత్యాల రెడ్డి గారు స్టాండ్స్‌లో ఏడుస్తుంటే మన నాన్న కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశారు. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న మనిషి ఆయన. మన వైజాగ్ పిల్లాడు, 21 ఏళ్ళు, ఎనిమిదో నంబర్‌లో వచ్చి మెల్‌బోర్న్‌లో 114.

అన్నయ్య: గొప్ప ఇన్నింగ్సే. కాదనట్లేదు. కానీ మ్యాచ్ 184 పరుగులతో ఓడిపోయాం.

చిన్ని: అతని వల్ల ఓడిపోయామా?

అన్నయ్య: అది కాదు నేననేది. అదే పుస్తకంలో ముందు పేజీలకి వెళ్ళు. 2000 జనవరి, సిడ్నీ.

చిన్ని: లక్ష్మణ్ 167. ఎర్ర సిరాతో రాశారు.

అన్నయ్య: టీమ్ మొత్తం 261, అందులో 167 మన హైదరాబాద్ అబ్బాయివి. మ్యాచ్ ఎంతతో ఓడిపోయాం? ఇన్నింగ్స్ 141. సిరీస్ 3-0. అయినా వారం రోజులు బడిలో ఆ 167 గురించే మాట్లాడుకున్నాం. సిరీస్ పోయిందన్న బాధే లేదు. గెలుస్తామని అసలు అనుకుంటే కదా బాధ పడటానికి! ఒక సెంచరీ దొరికితే చాలు, కడుపు నిండిపోయేది. మన చిన్నతనమంతా అలాగే గడిచింది చిన్నీ. తర్వాత 2018-19లో అక్కడే సిరీస్ గెలిచాం. 2020-21లో 36కి ఆలౌట్ అయ్యి కూడా గెలిచాం, బ్రిస్బేన్‌లోని గబ్బాలో గెలిచాం. అది చూసిన కళ్ళతో మళ్ళీ సెంచరీతో సరిపెట్టుకోమంటే నావల్ల కావట్లేదు.

చిన్ని: సరిపెట్టుకోమని ఎవరన్నారు? ఓటమి ఓటమే. కానీ ఓడిపోయామని ఆ సెంచరీకి విలువ తగ్గించకు.

అన్నయ్య: తగ్గించట్లేదు. కానీ ఊళ్ళో అందరూ ఆ 114 దగ్గరే ఆగిపోయారు. రెండో ఇన్నింగ్స్‌లో నితీశ్ 1. సిడ్నీలో మొదటి బంతికే సున్నా, తర్వాత 4. ఇది ఎవరూ మాట్లాడరు.

చిన్ని: మాట్లాడదాం, నాకేం భయం! సిరీస్‌లో 298 పరుగులు. మన జట్టులో జైస్వాల్ తర్వాత అతనే. పెర్త్‌లో 150కి కూలినప్పుడు ఎక్కువ కొట్టింది ఎవరు? 41, నితీశే. అడిలైడ్‌లో 42, 42. మొదటి సిరీస్ అన్నయ్యా! ఏళ్ళ తరబడి ఆడుతున్నవాళ్ళని వదిలేసి ఈ పిల్లాణ్ణి లెక్కలడుగుతావా?

అన్నయ్య: వాళ్ళనీ అడుగుతాను.

చిన్ని: ముందు దీనికి చెప్పు. 2021 సిడ్నీ. హనుమ విహారి 161 బంతులు, 23 నాటౌట్. సెంచరీ లేదు, గెలుపూ లేదు. ఏడాదికోసారి, జనవరి 11న, నువ్వు దాని గురించి ఎపిసోడ్ చేస్తావు. మరి దాన్నెందుకు నెత్తిన పెట్టుకున్నావు?

అన్నయ్య: ...అది వేరు.

చిన్ని: ఎలా వేరు?

అన్నయ్య: తొడ కండరం పట్టేసి మనిషి పరుగెత్తలేకపోతున్నాడు. కుంటుకుంటూ నిలబడ్డాడు. అశ్విన్‌తో కలిసి మ్యాచ్‌ని చెయ్యిజారనివ్వలేదు. ఆ డ్రా లేకపోతే గబ్బా లేదు.

చిన్ని: ఆ బంతులు ఆడుతున్నప్పుడు విహారికి గబ్బా సంగతి తెలుసా?

అన్నయ్య: తెలియదు.

చిన్ని: నితీశ్‌కీ సోమవారం సంగతి తెలియదు.

అన్నయ్య: సరే. ఇది ఒప్పుకుంటాను. నా కోపం నితీశ్ మీద కాదు. శనివారం అంత కష్టపడి నిలబెట్టినదాన్ని సోమవారం ఒక్క సెషన్‌లో పారేశారు. ఆ 114ని గెలుపు పక్కన రాసుకోవాల్సింది. కనీసం డ్రా పక్కన. అదీ నా ఏడుపు.

చిన్ని: అలా చెప్పు మరి. అరగంట నుంచి వేరేలా చెప్తున్నావు.

అన్నయ్య: సిడ్నీ తొందరగా కానిద్దాం. రోహిత్ తనంతట తనే తప్పుకున్నాడు. ఐదు ఇన్నింగ్స్‌లో 31 పరుగులు, తప్పుకోవడమే మంచిదైంది. కోహ్లీకి పెర్త్ సెంచరీ తీసేస్తే ఎనిమిది ఇన్నింగ్స్‌లో 90. ప్రతిసారీ అదే ఆఫ్‌స్టంప్ బయటి బంతి, అదే ఎడ్జ్. ఇదే సిడ్నీలో 2004లో సచిన్ కవర్ డ్రైవ్ మానేసి 241 నాటౌట్ కొట్టాడు. మానుకోవాలంటే నెట్స్ చాలవు, మధ్యలో ఒక నాలుగు రోజుల మ్యాచ్...

చిన్ని: అన్నయ్యా.

అన్నయ్య: ఆపేశాను.

చిన్ని: బుమ్రా పేజీ చూడు. 150కి పైగా ఓవర్లు, 32 వికెట్లు. సిడ్నీ రెండో రోజు మధ్యలో వీపు పట్టేసి, ట్రాక్‌సూట్ వేసుకుని కారెక్కి స్కానింగ్‌కి వెళ్ళిపోయాడు. నేను టీవీ ముందు నుంచి లేవలేకపోయాను.

అన్నయ్య: ఒక్క మనిషి భుజాల మీద అంత బరువు పెడితే ఏమవుతుంది మరి!

చిన్ని: చివరి ఇన్నింగ్స్‌కి నాన్న ముందే బౌలర్ల పేర్లు రాసి పెట్టుకున్నారు. మొదటి వరస బుమ్రాకి. రాడేమో అనుకుంటూనే ఖాళీగా ఉంచారు. సిరాజ్, ప్రసిద్ధ్ కింద వరసలు నిండాయి. ఆస్ట్రేలియా వాళ్ళు 162 కొట్టేసేదాకా ఆ వరస అలాగే ఉంది. బుమ్రా పేరు కొట్టెయ్యలేదు కూడా.

అన్నయ్య: ...ఏదీ?

చిన్ని: ఇదిగో.

అన్నయ్య: పేరు కింద గీత కూడా గీశారే.

చిన్ని: ఆయనెప్పుడూ అంతే కదా. ఇంకా కోచ్ గంభీర్ సంగతి, సెలెక్షన్ సంగతి ఉన్నాయి.

అన్నయ్య: ఇవాళ నాకు ఓపిక లేదు. ఇంగ్లండ్ టూర్ జూన్‌లో కదా? వాళ్ళు కనీసం రెండు ప్రాక్టీస్ మ్యాచ్‌లు...

చిన్ని: ఉండు. నాన్న దగ్గు వినిపిస్తోంది. లేచినట్టున్నారు.

అన్నయ్య: పుస్తకం! అలమరలో పెట్టెయ్ ముందు. పెన్ను ఆ పేజీలోనే ఉండాలి.

చిన్ని: ఏ పేజీలో?

అన్నయ్య: చివరిది, చివరిది. మైకు ఆపు.